కిడ్నీ పేషెంట్‌ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నారా, ముందు నోరు విప్పండి

నాన్నకి మోకాళ్ల నొప్పులంటే మా ఊరి ఆర్‌ఎంపీ గారొచ్చి "ఓ సూది వేసేస్తానండి, సాయంత్రానికి చెరువుగట్టు దాకా నడిచేస్తారు" అంటూ సిరంజిలోకి మందు లాగేస్తున్నారు. సీసా తిప్పి చూస్తే డైక్లోఫెనాక్, కిడ్నీ జబ్బున్నవాళ్లకి పడని నొప్పి మందు. "ఆయనకి క్రియాటినిన్ 2.8 అండి" అన్నాను, అంటే కిడ్నీలు రక్తాన్ని సరిగా వడకట్టట్లేదని. అంతే, సిరంజి పక్కన పెట్టేశారు. ఆయన తప్పు కాదు, మేం చెప్పలేదు.

అందుకని ముందు ఒక కాగితం రాసుకోండి. ఆఖరి క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఏ మేరకు వడకడుతున్నాయో చెప్పే లెక్క), తేదీతో సహా, వాడే మందులన్నీ, కిడ్నీ డాక్టర్ నంబర్. పంటి డాక్టరైనా కంటి ఆపరేషనైనా అది చూపించాకే మిగతా మాట.

నొప్పి బిళ్లల దగ్గరే ఎక్కువ మోసపోతాం. షాపులో "ఒళ్లు నొప్పులకి ఏదైనా ఇవ్వండి" అంటే చాలాసార్లు ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపింది చేతిలో పెడతారు, స్ట్రిప్పు వెనక చిన్నక్షరాలు చదవండి. ఎసిక్లోఫెనాక్ కూడా డైక్లోఫెనాక్ జాతిదే, కిడ్నీకి చేటు. ఇబుప్రోఫెన్ కూడా అంతే. ఉత్త పారాసిటమాల్ నయం, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో. అమికాసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు రాస్తే, స్కాన్‌కి కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఇచ్చే మందు) ఎక్కిస్తామంటే కిడ్నీ సంగతి గుర్తుచేయండి, అవీ కిడ్నీని దెబ్బతీయొచ్చు. ప్రాణం మీదకొచ్చినప్పుడు మాత్రం స్కాన్ వద్దని మొండికేయకండి.

ఇక చేతి సంగతి. రేపు డయాలసిస్ దాకా వెళ్తే ఫిస్టులాకి (డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనీ ఆపరేషన్‌తో కలిపేది) ముంజేతి నరాలే దిక్కు, కాబట్టి రక్తం తీసినా సెలైన్ పెట్టినా అరచేతి వెనక నరం చూడమనండి. ఫిస్టులా ఉన్న చేతికైతే బీపీ పట్టీ, సూది రెండూ వద్దు. నర్సు మారినప్పుడల్లా మళ్లీ చెప్పాలి, విసుక్కున్నా సరే. ఫిస్టులా మీద వేళ్లు పెడితే లోపల జుయ్యిమంటూ ఉంటుంది. పొద్దున్నే చూసుకోండి, ఆ జుయ్ ఆగితే సాయంత్రం దాకా ఆగకుండా డయాలసిస్ సెంటర్‌కి పరిగెత్తాలి.

నీరసమని సెలైన్ ఎక్కించేయమని మనమే అడక్కూడదు, ఒంట్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు మాత్రం బీపీ బిళ్ల, నీటి బిళ్ల (ఒంట్లో నీటిని మూత్రంగా పంపేది), షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ వేయాలా ఆపాలా అని డాక్టర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.

చూడ్డానికొచ్చే చుట్టాలు ఇంకో ఎత్తు. మా మేనత్త అంబాజీపేట నుంచి బోండాల గెల మోసుకొచ్చింది. కోనసీమ మనిషికి కొబ్బరినీళ్లు వద్దంటే అవమానమే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు దాన్ని బయటికి పంపలేక రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఆ గెల వార్డులో మిగతావాళ్లకి పంచేశాం, అత్త రెండ్రోజులు మాట్లాడలేదు.