కీమో అయిపోయాక ఎంత నడవాలి, ఏం తినాలి, ఏ మాత్రలు మానాలి

మా అమ్మకి పెద్దపేగు క్యాన్సర్, స్టేజ్ 3. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలకొకటి చొప్పున 8 సైకిళ్ళ కీమో ఇచ్చారు. ఆఖరి సైకిల్ అయిన రోజు డాక్టర్ గారు ఫైల్ చూసి "మూడు నెలలకి సీఈఏ టెస్ట్ చేయించుకుని రండమ్మా" అన్నారు, అంతే (సీఈఏ అంటే పేగు క్యాన్సర్ తిరగబెడుతోందేమో చూసే రక్తపరీక్ష). అప్పటిదాకా ఆర్నెల్లు ప్రతిదీ ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు, ఏ రోజు ఏ మాత్ర వేసుకోవాలి, రక్తపరీక్ష ఎప్పుడు, జ్వరం 100.4 దాటితే ఎక్కడికి పరిగెత్తాలి అని. ఆ రోజుతో అవన్నీ ఆగిపోయాయి. ఇంటికొచ్చాక మాత్రం చుట్టాలందరూ మొదలుపెట్టారు. పెద్దత్తయ్య ఫోన్ చేసి "ఏమ్మా, లక్ష్మణఫలం ఆకులు మరిగించి ఇస్తున్నావా లేదా, మళ్ళీ రాకుండా ఉండాలంటే అదే మందు" అంది. ఇంకొకళ్ళు గోధుమగడ్డి రసం అన్నారు, ఇంకొకళ్ళు పంచదార పూర్తిగా మానెయ్యమన్నారు. ప్రేమతోనే చెప్పారు, కాదనను. కానీ అమ్మ ఒంట్లో ఏం పడుతుందో చూసుకోవాల్సింది నేను కాబట్టి కూర్చుని ఒక్కొక్కటీ చదివాను, డాక్టర్ గారిని అడిగాను, మా ఇంట్లో ఏం చేస్తున్నామో ఇక్కడ రాస్తున్నా. మీ వాళ్ళది వేరే క్యాన్సర్ అయితే కొన్ని మారతాయి, మీ డాక్టర్ని అడక్కుండా ఏదీ మొదలుపెట్టకండి.

ముందు నడక గురించే చెప్తా, ఎందుకంటే వీటన్నిటిలోకీ గట్టి రుజువు ఉన్నది దానికే. చాలెంజ్ అని ఒక పెద్ద ట్రయల్ జరిగింది, ఎక్కువగా కెనడా, ఆస్ట్రేలియాల్లో, ఫలితాలు 2025 జూన్‌లో వచ్చాయి. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో రెండూ అయిపోయిన 889 మందిని తీసుకుని లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వ్యాయామం మంచిదని చెప్పే పుస్తకాలిచ్చి పంపారు, రెండో గుంపుకి మూడేళ్ళపాటు ఒక ట్రైనర్‌ని పెట్టి దగ్గరుండి వ్యాయామం చేయించారు. అయిదేళ్ళ తర్వాత క్యాన్సర్ తిరగబెట్టకుండా, కొత్తది రాకుండా బతికి ఉన్నవాళ్ళు వ్యాయామం గుంపులో 80.3 శాతం, పుస్తకాల గుంపులో 73.9 శాతం. ఎనిమిదేళ్ళకి బతికి ఉన్నవాళ్ళు 90.3 శాతం, 83.2 శాతం. ఇది చదివిన రోజు నేను ఆఫీసులోంచే అమ్మకి ఫోన్ చేసి, సాయంత్రం చెప్పులేసుకుని రెడీగా ఉండమన్నా.

అదే అంకెల్లో ఇంకో విషయం కూడా ఉంది చూడండి. వ్యాయామం చేసినవాళ్ళలో కూడా అయిదేళ్ళలో అందరూ బాగుండలేదు, సుమారు అయిదుగురిలో ఒకళ్ళకి ఏదో ఒకటి అయింది. కాబట్టి రేపు ఎవరికైనా తిరగబెడితే "నువ్వు సరిగ్గా నడవలేదు, సరిగ్గా తినలేదు" అని ఒక్క మాట కూడా అనకండి దయచేసి. అంత నరకం పడి వచ్చిన మనిషి మీద ఆ బరువు కూడా పెట్టకూడదు.

ఇంతకీ ఎంత నడవాలి అంటే, ఆ ట్రయల్‌లో పెట్టుకున్న లక్ష్యాన్ని మన లెక్కలో చెప్పుకుంటే, అప్పటికి చేస్తున్నదానికి అదనంగా వారానికి మూడు నాలుగు సార్లు, 45 నిమిషాల నుంచి గంట దాకా వడివడిగా నడక. ఇంట్లో అటూ ఇటూ తిరగడం, గుడికెళ్ళి మెల్లగా మూడు ప్రదక్షిణలు చేసి రావడం ఇందులోకి రావు. వడివడిగా అంటే పక్కన నడిచేవాళ్ళతో మాట్లాడగలగాలి కానీ పాట పాడబోతే ఆయాసం రావాలి, ఇదే కొలత, వాచీలు ఫోన్ యాప్‌లు ఏమీ అక్కర్లేదు. మా అమ్మ నడుస్తూ అన్నమయ్య కీర్తన అందుకుంటుంది, పల్లవి పూర్తిగా పాడేసిందంటే మెల్లగా నడుస్తోందని నాకు అర్థమైపోతుంది, "అమ్మా, కాస్త స్పీడు" అంటా.

మొదటి రోజే 45 నిమిషాలు పెట్టుకోకండి. ఆ ట్రయల్‌లో కూడా ఆ లెవెల్‌కి రావడానికి ఆర్నెల్లు టైమిచ్చారు. మేం మొదటి రెండు వారాలు మా అపార్ట్‌మెంట్ కారిడార్‌లోనే పొద్దున 10 నిమిషాలు సాయంత్రం 10 నిమిషాలు నడిచాం, అదీ మధ్యలో కూర్చోడానికి మెట్ల దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని. తర్వాత వారానికి అయిదు నిమిషాలు పెంచుకుంటూ పోయాం, నీరసంగా ఉన్న వారం పెంచలేదు, కానీ పూర్తిగా మానలేదు కూడా. కీమో తర్వాతి నీరసం పడుకుంటే పోయే రకం కాదు, కొంచెం కొంచెం కదిలితేనే తగ్గుతుంది, ఇది మొదట్లో నేనూ నమ్మలేదు గానీ నెల తిరిగేసరికి అమ్మే మధ్యాహ్నం పడక తగ్గించేసింది.

పాదాల సంగతి మర్చిపోవద్దు. ఆక్సాలిప్లాటిన్, పాక్లిటాక్సెల్ లాంటి కీమో మందులు వాడినవాళ్ళకి అరికాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి, నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి. అమ్మకి ఒకసారి చెప్పు లోపల చిన్న గులకరాయి ఇరుక్కుంది, అరగంట దాని మీదే నడిచింది, తెలియనే లేదు, ఇంటికొచ్చి కాళ్ళు కడుగుతుంటే వేలి కింద తోలు లేచిపోయి కనిపించింది. అప్పట్నుంచి హవాయి చెప్పులు బంద్, వెనకాల పట్టీ ఉన్న మెత్తటి షూ, లోపల కాటన్ సాక్స్, రోజూ రాత్రి ఫోన్ టార్చ్ వేసి రెండు అరికాళ్ళూ వేళ్ళ సందులూ నేనే చూస్తా. షుగర్ కూడా ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. చీకట్లో, ఎత్తుపల్లాలున్న రోడ్డు మీద నడవొద్దు, పడితే అదో కొత్త తలనొప్పి. పైన చెప్పిన ట్రయల్‌లో కూడా వ్యాయామం గుంపులో కీళ్ళ నొప్పులు, కండరాల దెబ్బలు కాస్త ఎక్కువే వచ్చాయి.

నడక ఒక్కటే కాకుండా వారానికి రెండు రోజులు కండరాలకి పని చెప్పాలి, కీమోలో బరువుతో పాటు కండ కూడా కరిగిపోతుంది కాబట్టి. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం 10 సార్లు, గోడకి చేతులు పెట్టి తోయడం 10 సార్లు, అర లీటర్ నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తడం, ఇవి చాలు మొదట్లో. పొట్ట ఆపరేషన్ అయినవాళ్ళు, స్టోమా సంచి (మలం కోసం పొట్ట మీద పెట్టే సంచి) ఉన్నవాళ్ళు సర్జన్ సరే అనేదాకా బరువులెత్తొద్దు, హెర్నియా రావచ్చు. రొమ్ము క్యాన్సర్‌లో చంక గడ్డలు తీసినవాళ్ళని ఆ చేత్తో ఏమీ ఎత్తొద్దని అంటుంటారు కదా, దాని మీద 2009లో వచ్చిన ట్రయల్‌లో మెల్లమెల్లగా, నేర్పేవాళ్ళ దగ్గర బరువులు ఎత్తినందువల్ల చెయ్యి వాపు పెరగలేదని తేలింది. ఎముకలకి పాకినవాళ్ళు, గుండె మీద ప్రభావం చూపే కీమో వాడినవాళ్ళు మాత్రం డాక్టర్ చెప్పాకే. నడుస్తుంటే గుండెల్లో నొప్పి, కళ్ళు తిరగడం, కొత్తగా ఎముక నొప్పి వస్తే అక్కడితో ఆపి ఫోన్ చెయ్యండి.

ఇంక తిండి. ఫలానాది తింటే క్యాన్సర్ తిరిగి రాదు అని చెప్పగలిగే పదార్థం ఒక్కటి కూడా లేదు, నడకకి ఉన్నంత రుజువు ఏ ఆహారానికీ లేదు. కానీ స్టేజ్ 3 పెద్దపేగు క్యాన్సర్ కీమో వాడిన 1009 మందిని గమనించి 2007లో రాసిన ఒక స్టడీ ఉంది, అందులో ఎర్రమాంసం, పాలిష్ పట్టిన తెల్ల ధాన్యాలు, వేపుళ్ళు, స్వీట్లు బాగా ఎక్కువ తిన్నవాళ్ళకి, తక్కువ తిన్నవాళ్ళతో పోలిస్తే తిరగబెట్టడం దాదాపు మూడు రెట్లు కనిపించింది. ఇది గమనించి చెప్పిందే, ట్రయల్ కాదు, కాబట్టి తిండే కారణమని ఒట్టేసి చెప్పలేం. అయినా మన ప్లేటు చూసుకోండి, మూడొంతులు తెల్లన్నం, చెంచాడు పప్పు, ఇంత వేపుడు. నేను చేసిందల్లా ఆ వాటాలు తిరగెయ్యడమే, ఒక గరిటె అన్నం తగ్గించి రెండు గరిటెల పప్పు, కూర పెంచడం. రాత్రి పూట జొన్నరొట్టె అలవాటు చేశా, వారంలో నాలుగు రోజులు తింటుంది, మిగతా మూడు రోజులు అన్నమే కావాలంటుంది, పోనీ అని ఊరుకుంటా.

ప్రోటీన్ దగ్గర మాత్రం ఊరుకోను. కిలో బరువుకి కనీసం 1 గ్రాము, వీలైతే 1.2 నుంచి 1.5 గ్రాములు. అమ్మ 52 కిలోలు, అంటే రోజుకి 60 గ్రాములు దాటాలి. పొద్దున గుప్పెడు పెసలు నానబెట్టి రుబ్బిన రెండు పెసరట్లు 12 గ్రాములు, రెండు ఉడకబెట్టిన గుడ్లు 12, మధ్యాహ్నం కప్పు గట్టిపప్పు 9, చేప ముక్కలు 100 గ్రాములు తింటే 20, పెద్ద కప్పు పెరుగు 7, అలా 60కి వచ్చేస్తాం. చేప తినని రోజు శనగలో పనీరో పెట్టి సరిచేస్తా. పళ్ళరసాలు, రాగిజావ మంచివే గానీ వాటితో ప్రోటీన్ పెద్దగా రాదు, చాలా ఇళ్ళల్లో పేషెంట్‌కి జావ, బ్రెడ్, కొబ్బరినీళ్ళు ఇచ్చి బలం పెడుతున్నాం అనుకుంటారు. కిడ్నీ సమస్య ఉంటే ఈ లెక్క వర్తించదు, అడగాలి. పేగు ఆపరేషన్ అయినవాళ్ళు ఆకుకూరలు, పీచు ఒకేసారి పెంచితే కడుపు ఉబ్బి విరేచనాలు పట్టుకుంటాయి, రెండు మూడు రోజులకొకటి కొత్తది చేరుస్తూ వెళ్ళాలి. బాదం, జీడిపప్పు, అక్రోట్ వారంలో రెండు గుప్పెళ్ళు తిన్న పెద్దపేగు క్యాన్సర్ పేషెంట్లలో తిరగబెట్టడం తక్కువగా కనిపించింది, వేరుశనగకి అది కనిపించలేదు, ఇదీ గమనించిందే. ఖర్చు చూసుకుని పెట్టుకోండి, అప్పు చేసి కొనక్కర్లేదు.

మద్యం పూర్తిగా మానాలి, పొగాకు, గుట్కా, వక్క కూడా. సాసేజ్, సలామీ లాంటివి వద్దు. పంచదార మానితే క్యాన్సర్ కణాలు ఆకలితో చచ్చిపోతాయన్నది నిజం కాదు, ఒంట్లోకి గ్లూకోజ్ అన్నంలోంచీ పప్పులోంచీ కూడా వస్తుంది. కూల్‌డ్రింకులు తగ్గించండి, పండక్కి ఒక బూరె తింటే తిననివ్వండి. సోయా వల్ల రొమ్ము క్యాన్సర్ తిరగబెడుతుందని భయపడేవాళ్ళకి, షాంఘైలో 5 వేలమంది పైగా ఆడవాళ్ళని చూసిన స్టడీలో సోయా తిండి హాని చెయ్యలేదు, మాత్రల రూపంలో మాత్రం వద్దు.

సప్లిమెంట్ల దగ్గరే నాకు భయం ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ డబ్బుతో పాటు మనిషికీ నష్టం. ఆంటీఆక్సిడెంట్ కదా ఏం చేస్తుందిలే అనుకుంటాం. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్ళకి బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చూస్తే 1994లో తేలిందేంటంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. 35 వేలమంది మగవాళ్ళ మీద జరిగిన సెలెక్ట్ ట్రయల్‌లో విటమిన్ ఇ తీసుకున్నవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో చెప్పారు. తగ్గుతుందని ఇస్తే పెరిగింది. కూరలో పసుపు వెయ్యండి, ఎప్పట్లాగే, కానీ మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ (పసుపు సారం) క్యాప్సూల్స్, అశ్వగంధ, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి, పైగా రొమ్ము క్యాన్సర్‌కి వాడే టామాక్సిఫెన్ మందు పని చేసే రూపాన్ని కర్క్యుమిన్ రక్తంలో తగ్గిస్తుందని చూశారు. లక్ష్మణఫలం క్యాన్సర్‌ని తగ్గిస్తుందని మనుషుల మీద రుజువు లేదు, ఎక్కువ వాడితే నరాలకి హాని అనే అనుమానం ఉంది, అసలే తిమ్మిర్లున్న మనిషికి అది ఎందుకు చెప్పండి. 2024లో మాజీ క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ భార్యకి వేపాకు, పసుపు, నిమ్మనీళ్ళతో క్యాన్సర్ తగ్గిందన్న మాట దేశమంతా తిరిగినప్పుడు ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో పనిచేసే, అక్కడ చదివిన 262 మంది క్యాన్సర్ డాక్టర్లు కలిసి సంతకాలు పెట్టి, వీటికి రుజువు లేదు, ట్రీట్‌మెంట్ ఆలస్యం చెయ్యొద్దు అని చెప్పాల్సి వచ్చింది.

ఏవి వేసుకోవచ్చు మరి అంటే, టెస్టులో తక్కువ అని తేలినవి. విటమిన్ డి తక్కువైతే 60 వేల యూనిట్ల సాచెట్ డాక్టర్ రాసినన్ని వారాలే, మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి తాగితే కాల్షియం పెరిగి కిడ్నీలు పాడవ్వొచ్చు. రొమ్ము క్యాన్సర్‌కి లెట్రోజోల్, అనస్ట్రోజోల్ వాడేవాళ్ళకి ఎముకలు పలచబడతాయి, వాళ్ళు డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం చూసే స్కాన్), కాల్షియం గురించి అడగాలి. ఆస్పిరిన్ మీద 2025లో మంచి కబురొచ్చింది, కానీ అది పిఐ3కె అనే, కణాలకి పెరగమని చెప్పే దారిలో జన్యుమార్పు ఉన్న పేగు క్యాన్సర్ వాళ్ళకే, రోజుకి 160 మిల్లీగ్రాములు మూడేళ్ళు. ఆ జన్యు టెస్ట్ మా అమ్మకి అవసరమా అని అడగండి తప్ప ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ మొదలుపెట్టకండి, కడుపులో రక్తస్రావం అవ్వొచ్చు.

ఇవన్నీ చేస్తూ టెస్టులు మానేస్తే లాభం లేదు. మాకు సీఈఏ మూడు నెలలకోసారి, సీటీ స్కాన్ ఏడాదికోసారి, కొలనోస్కోపీ ఆపరేషన్ అయిన ఏడాదికి రాశారు, కాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి పెట్టా. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న సీసాలు, పొడులు, చుట్టాలు పంపిన డబ్బాలు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళి టేబుల్ మీద పెట్టండి, పేర్లు చెప్పడం కాదు, డబ్బాలే చూపించండి. పోయినసారి మా సంచిలో తొమ్మిది ఉన్నాయి, డాక్టర్ గారు ఒక్కొక్కటీ తిప్పి చదివి రెండు మాత్రం మా వైపు జరిపారు. మిగతా ఏడూ అక్కడే వదిలేసి వచ్చాం.