ట్రైలర్ లాగేటప్పుడు పికప్ ట్రక్కు గేర్‌బాక్స్ వేడెక్కకుండా చూసుకోవడం ఎలా?

ఏటా వేసవిలో డల్లాస్ నుంచి కొలరాడోకి క్యాంపర్ ట్రైలర్ లాక్కుంటూ వెళ్తాం. అమరిల్లో, క్లేటన్ దాటి న్యూ మెక్సికో-కొలరాడో సరిహద్దులోని రాటన్ పాస్ అనే కనుమ ఎక్కుతుంటే, దారి పక్కన బానెట్ ఎత్తి నిలబెట్టిన పికప్పులు ఒకటో రెండో తప్పకుండా కనబడతాయి. ఆగి పలకరిస్తే చాలాసార్లు వినేది ఒకటే మాట: "ఇంజన్ బాగానే ఉందండీ, గేర్‌బాక్స్ వేడెక్కిందని లైటు వచ్చింది." ఇంట్లోవాళ్లు ఎండలో గడ్డి మీద కూర్చుని ఉంటారు. ఆ అవస్థ ఎవరికీ రాకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు వేడి ఎక్కడ పుడుతుందో తెలియాలి. ఆటోమేటిక్‌లో ఇంజన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. నూనె నిండిన గుండ్రటి డబ్బాలో ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు ఉన్నాయనుకోండి. ఒకటి విసిరిన నూనె రెండోదాన్ని తిప్పుతుంది. రెండింటి వేగంలో తేడా ఎంత ఎక్కువైతే నూనె అంత చిలికినట్టై కాగుతుంది. వేగం కుదిరాక లోపల ఒక క్లచ్ ఆ రెండింటినీ కలిపి బిగిస్తుంది. దీన్నే లాకప్ అంటారు. లాకప్ పడి ఉన్నంతసేపు కన్వర్టర్‌లో కొత్తగా పుట్టే వేడి దాదాపు ఉండదు.

బయల్దేరే ముందు చేయాల్సినవి తేలికే. డ్రైవర్ తలుపు అంచున అంటించిన స్టిక్కర్‌లో పేలోడ్ (ట్రక్కు మోయగల బరువు) ఎంతో చూసి, మనుషులనీ సామాన్లనీ హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడే బరువునీ కలిపి లెక్కేయండి. హిచ్ మీద ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం పడాలి. క్యాంపర్ నీళ్ల ట్యాంకు ఇంటి దగ్గర నింపకండి. 40 గ్యాలన్లంటే 330 పౌండ్ల పైమాటే, నీళ్లు క్యాంప్‌గ్రౌండ్‌లోనూ దొరుకుతాయి. ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) ఆయిల్ మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి, అన్నిటికీ సరిపోతుందని అమ్మేవి వద్దు. గోధుమరంగుకి తిరిగి మాడిన వాసన వస్తుంటే మార్చందే కదలకండి. బరువు లాగే ట్రక్కుకి నేను 30,000 మైళ్లకే మారుస్తాను. బరువు లాగడానికి కంపెనీ అమర్చే టో ప్యాకేజీ లేని ట్రక్కైతే, రేడియేటర్ ముందు ఆ ఆయిల్‌ని చల్లబరిచే పలకల రకం కూలర్ ఒకటి అదనంగా పెట్టించండి. గొట్టాల రకం చవకే కానీ, నేనైతే పెట్టించను.

ఇంకొకటి, గేర్‌బాక్స్ నూనె ఉష్ణోగ్రత అంకెల్లో కనబడాలి. చాలా ట్రక్కుల్లో డాష్‌బోర్డు మీది ముల్లు మధ్యలోనే నిలబడి ఉంటుంది, కదిలేసరికే ఆలస్యమైపోతుంది. నా మొదటి ట్రక్కులో ఆ ముల్లునే నమ్మాను. తిరిగొచ్చి చూస్తే నూనె మాడిపోయి ఉంది. అంకెలు చూపే మెనూ లేకపోతే బండి కంప్యూటర్‌లోని అంకెలు చూపే ఓబీడీ రీడర్ కొనుక్కోండి. ఫారెన్‌హీట్‌లో 200 దరిదాపుల్లో ఉంటే నిశ్చింత. 220 దాటితే వేగం తగ్గించాలి. 240 దగ్గర ఆగే చోటు వెతుక్కోవాలి. 260 వరకూ అసలు పోనివ్వకండి.

ఇక అసలు కష్టం ఘాట్ ఎక్కడం. గేర్‌బాక్సులు మాడేది ఇక్కడే.

చాలామంది చేసేది ఇది: చదును రోడ్డు మీద 70 మైళ్ల వేగంతో వస్తారు. ఎత్తు మొదలై బండి నెమ్మదించగానే యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతారు. బలం చాలక గేర్‌బాక్స్ ముందు లాకప్ వదిలేస్తుంది, తర్వాత ఒక గేరు దిగుతుంది. వేగం పుంజుకోగానే మళ్లీ పై గేరు, మళ్లీ లాకప్ వదలడం. ఇలా మైళ్ల తరబడి గేర్లు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటాయి, నూనె కాగుతూనే ఉంటుంది. పైగా టర్బో లేని ఇంజన్‌కి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు 3 శాతం బలం తగ్గుతుంది. రాటన్ పాస్ ఎత్తు 7,834 అడుగులు. ఊళ్లో ఎక్కిన ఫ్లైఓవర్ లెక్క అక్కడ పనికిరాదు.

కాబట్టి గేరు మీరు ఎంచుకోండి, అదీ ఎత్తు మొదలవక ముందే. బరువు లాగడానికి తగ్గట్టు గేర్లు మార్చే టో-హాల్ బటన్ ఇంటి దగ్గరే నొక్కి ఉండాలి. అదొక్కటే చాలదు. ఎదర ఏం వస్తోందో మీ కంటికి కనబడుతుంది, గేర్‌బాక్స్‌కి కనబడదు. కొండ మొదట్లోనే వేగం 50కో 45కో తగ్గించి, మాన్యువల్ మోడ్‌లో ఒకటో రెండో గేర్లు దించి అక్కడే పట్టి ఉంచండి. క్రూయిజ్ కంట్రోల్ ఆపేయండి.

అప్పుడు ఇంజన్ తిరిగే వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు మీద కన్నేసి ఉంచండి. గేరు అంకె మారలేదు, వేగం పెరగలేదు, అయినా ముల్లు రెండు మూడు వందలు పైకి లేచిందంటే లాకప్ వదిలేసిందన్నమాట. వెంటనే పాదం కాస్త తేలిక చేయండి. ముల్లు తిరిగి కిందికి దిగి నిలబడితే లాకప్ మళ్లీ పడినట్టు. రెండు మైళ్లు వేగం తగ్గినా ఫరవాలేదు. పాదం తేలిక చేసినా పడకపోతే ఇంకో గేరు దించండి. పాత 4-స్పీడ్ గేర్‌బాక్సుల్లో లాకప్ పై గేర్లలోనే పడుతుంది, అంచేత మరీ కిందికి దించినా లాభం లేదు. ఇప్పటి 10-స్పీడ్‌లలో ఆ ఇబ్బంది చాలా తక్కువ.

ఇంజన్ 4,000 ఆర్‌పీఎం దగ్గర అరుస్తుంటే పక్క సీట్లో వాళ్లు కంగారు పడతారు. పెట్రోల్ ఇంజన్‌కి అది మామూలే. ఇంజన్ వేగంగా తిరిగితే దానితోపాటు నీళ్ల పంపూ గేర్‌బాక్స్ నూనె పంపూ వేగంగా తిరుగుతాయి, కూలర్‌లోకి నూనె ఎక్కువగా పారుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో పెడల్ అదిమి తొక్కడమే చెరుపు.

"వెనక బండ్లవాళ్లు హారన్ కొడతారు కదా" అంటారు. కుడి లేన్‌లో ఉండండి, కొట్టనివ్వండి. ట్రక్కు ఎంత లాగగలదో తేల్చే జె2807 ప్రమాణంలో అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఘాట్ ఎక్కించి చూస్తారు. పదకొండు మైళ్ల పైచిలుకు దూరం ఎత్తు రోడ్డే, ఏసీ పూర్తిగా వేసి ఎక్కాలి. అక్కడ మామూలు పికప్ నిలబెట్టుకోవాల్సిన కనీస వేగం గంటకు 40 మైళ్లు. పరీక్షే 40 అడుగుతుంటే, పిల్లాపాపల్ని కూర్చోబెట్టుకుని 65కి పట్టుబట్టడం దేనికి?

అయినా అంకె 240 తాకిందా, విశాలమైన చోట ఆపి చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఇంజన్ మాత్రం ఆపకండి. ఆపితే నూనె పంపు ఆగుతుంది, కాగిన నూనె ఉన్నచోటే ఉండిపోతుంది. పార్క్‌లో పెట్టి వెయ్యి ఆర్‌పీఎంకి కాస్త పైన తిరగనివ్వండి. కొన్ని పాత డాడ్జ్ ట్రక్కుల్లో పార్క్‌లో ఉంటే కూలర్‌కి నూనె పారదు, వాటిని న్యూట్రల్‌లో పెట్టాలి. అంకె 200 దగ్గరికి దిగాక కదలండి.

క్యాంప్‌గ్రౌండ్ చేరాక కూడా ఒక గండం ఉంది. వాలు మీద ట్రైలర్‌ని వెనక్కి నెడుతుంటే వేగం ఉండదు, గాలి తగలదు, లాకప్ పడదు. పది నిమిషాల్లో అంకె ఘాట్‌లో కంటే పైకి పోతుంది. ఫోర్-వీల్ డ్రైవ్ ఉంటే, కంకర నేల మీద 4-లో (నాలుగు చక్రాలూ బాగా తక్కువ గేరులో తిరిగే మోడ్) వేసి నెమ్మదిగా నెట్టండి. గట్టి తారు మీద మలుపు తిప్పుతూ మాత్రం 4-లో వాడకండి, డ్రైవ్ భాగాలు బిగుసుకుంటాయి. అక్కడ రెండు నిమిషాలకోసారి ఆగి, అంకె చూసుకుని, మళ్లీ నెట్టండి.