కలిసి కట్టే లోకం – 5వ భాగం: లోకం గురించి తగువొస్తే ఏం చేయాలి?

నాలుగో భాగంలో ఏడుపాయల సీమకి పటం గీసుకున్నాం. గోదావరి డెల్టాని చూసి అల్లుకున్న సీమ అది. నది చీలే చోటు, లంకలు, ఏటిగట్లు, రేవులు, మడ అడవులు, సముద్రంలో కలిసే మొగలు అన్నీ మనకి తెలిసినవే, పేర్లు మాత్రం మనవి. కొత్తగా చేరినవాళ్లకి చిన్న పరిచయం. ఇది టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆట. ఒకరు గేమ్ మాస్టర్, మిగిలిన నలుగురైదుగురు తలో పాత్ర. గేమ్ మాస్టర్ పరిస్థితి చెప్తారు, ఆటగాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో చెప్తారు, ఎటూ తేలనప్పుడు పాచికలు వేస్తారు.

పటం గీసేవరకూ అందరూ ఒక్క మాట మీదే ఉంటారు. ఆట మొదలయ్యాక గొడవలు మొదలవుతాయి. "అక్కడ అలా ఉండదు", "ఇది ముందే చెప్పాలి కదా", "నా ఊహలో ఈ ఊరు ఇలా లేదు". ఇలాంటి తగువు తీర్చడం కూడా లోకం కట్టడంలో భాగమే. అది సాధనతో వస్తుంది. ఈ భాగంలో ఆ సాధన చేద్దాం.

ఈ తగువు ఇవాళ్టిది కాదు. ఈ తరహా ఆటల్లో మొదట అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చినప్పుడు అందులో ఎక్కువగా నియమాలే ఉన్నాయి, లోకాన్ని ఎవరి టేబుల్ వాళ్లు కట్టుకోవాలి. మరుసటి ఏడాది, 1975లో, ఎం.ఎ.ఆర్. బార్కర్ అనే ప్రొఫెసర్ తాను ఏళ్ల తరబడి కట్టుకున్న టెకుమెల్ అనే లోకాన్ని భాషలతో, దేవుళ్లతో, రాజవంశాలతో సహా ఆటగా అచ్చు వేయించారు. అంటే ఈ హాబీ పుట్టిన రెండేళ్లలోనే రెండు దారులూ ఏర్పడ్డాయి. ముందు లోకమంతా రాసిపెట్టుకుని అందులో ఆడేవాళ్లు కొందరు, ఆడుతూ ఆడుతూ అవసరమైనంత లోకాన్ని కల్పించుకునేవాళ్లు కొందరు. మీ టేబుల్ దగ్గర ఈ రెండు రకాలవాళ్లూ పక్కపక్కనే కూర్చుని ఉంటారు. సగం గొడవలకి మూలం అదే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆట మధ్యలో వచ్చే తగువు చాలాసార్లు లోకం ఎలా ఉందన్నదాని గురించి కాదు. ఆ సంగతి ఎప్పుడు ఖాయమైంది, దాన్ని నమ్ముకుని ఎవరు అడుగు వేశారు అన్నదాని గురించి. అందుకే ముందు ఈ రెండు ప్రశ్నలూ వేసుకోండి. ఆ మాట టేబుల్ మీద ఎవరైనా పైకి అన్నారా? అన్నాక దాన్ని నమ్ముకుని ఎవరైనా ఏదైనా పోగొట్టుకున్నారా, పణంగా పెట్టారా? రెండింటికీ అవుననే జవాబొస్తే ఆ సంగతి ఖాయం, గేమ్ మాస్టర్ కూడా మార్చకూడదు. గేమ్ మాస్టర్ నోట్‌బుక్‌లో ఉండి బయటికి రానిది ఎంత బాగా రాసుకున్నా ప్రతిపాదన మాత్రమే.

ఒక సందర్భం దగ్గర నుంచి చూద్దాం. మన సీమలో వరద వచ్చింది. అమ్మాయి ఒకరు మంత్రసాని పాత్ర ఆడుతోంది. పంటు అంటే రేవు దాటించే పెద్ద పడవ.

గేమ్ మాస్టర్: "నీళ్లు ఏటిగట్టుకి మూరెడు కిందకి వచ్చేశాయి. అవతలి లంకలో పురిటినొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది."

మంత్రసాని: "నేను పంటు ఎక్కుతాను."

గేమ్ మాస్టర్: "పంటు లేదండీ. వరదొస్తే రేవు మూసేస్తారు."

మంత్రసాని: "పంటు ఉందన్నారనే కదా పోయిన వారం నా నావ అమ్మేసి మందులు కొన్నాను! మూసేస్తారని అప్పుడే చెప్పుంటే అమ్మేదాన్నా?"

పక్కనున్న రాజోలు కుర్రాడు అందుకుంటాడు: "నిజంగా కూడా వరదలో పంట్లు ఆపేస్తారు కదా, ఇందులో తప్పేముంది?"

ఇక్కడ ముగ్గురూ నిజమే మాట్లాడుతున్నారు. అందుకే గొంతు పెంచినకొద్దీ తగువు ముదురుతుంది. మన రెండు ప్రశ్నలూ వేసి చూడండి. పంటు ఉందని టేబుల్ మీద అన్నారు, దాన్ని నమ్ముకుని ఒకరు నావ అమ్ముకున్నారు. వరదలో ఆపేస్తారన్నది మాత్రం ఈ నిమిషం దాకా గేమ్ మాస్టర్ మనసులోనే ఉంది. రాజోలు కుర్రాడి మాట నిజమైనా దానివల్ల తగువు తీరదు. ఆ నిజం మంత్రసాని పాత్రకి కూడా తెలిసుండాలి కదా! లంకల్లో పుట్టి పెరిగిన మనిషికి వరదలో పంటు నడవదని తెలియకుండా ఎలా ఉంటుంది? పాత్రకి తెలిసుండాల్సిన సంగతి ఆటగాళ్లకి చెప్పకుండా ఉంచి, ఆ నష్టం వాళ్ల మీద వేయడం అన్యాయం.

అలాగని పంటు నడిపించేయాలా? అక్కర్లేదు. నేను ఎక్కువగా నమ్మే పద్ధతి ఒకటుంది. ఎవరి మాటా కొట్టేయకుండా మూడో మాట కలపడం. పంటు ఉంది, వరదలో నడవదు, ఈ రెండూ అలాగే ఉండనివ్వండి. "నీ దగ్గర నావ కొన్న మనిషి రేవులోనే ఉన్నాడు. నావ తాడు విప్పుతున్నాడు, లంకలో ఉన్న తన పశువుల కోసం." ఇక మంత్రసాని వెళ్లి అతన్ని ఒప్పించుకోవాలి. మనిషి ముందా, పశువులు ముందా అన్న ప్రశ్నతో సన్నివేశం మొదలవుతుంది. ఆమె నావ అమ్మడం వృథా కాలేదు, పైగా కథకి పనికొచ్చింది. మూడో మాటకి ఒక షరతుంది. దానివల్ల ముందన్న ఏ మాటా అబద్ధం కాకూడదు, ఎవరి నష్టమూ ఉత్తినే మాయం కాకూడదు.

ఇలాంటి గొడవ ముందే రాకుండా చూసుకునే ఉపాయం గోదారే ఇచ్చింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు మెట్లనీ ఆటలోకి తెచ్చుకోండి. మొదటి మెట్టుకి పంట్లు ఆగుతాయి, రెండో మెట్టుకి చిన్న నావలు, మూడో మెట్టుకి లంకలకి రాకపోకలే ఉండవు. ఏ మెట్టుకి ఏం ఆగాలన్నది మన ఆట కోసం మనం పెట్టుకున్న లెక్క, కావాలంటే మార్చుకోండి. కానీ ఆ కాగితం అందరికీ కనబడేలా టేబుల్ మీద ఉండాలి. ప్రతి సెషన్ మొదట్లో నీళ్లు ఏ మెట్టు మీదున్నాయో గేమ్ మాస్టర్ చెప్తే, నావ అమ్మాలా వద్దా అన్నది ఆటగాళ్లే చూసుకుంటారు.

రెండో రకం తగువు నిజం తెలిసినవాళ్లతో వస్తుంది. మన డెల్టాలో ఆడితే ఇది తప్పదు, ప్రతివాడికీ ఓ కాలవ గట్టు తెలుసు. ఆనకట్ట కట్టని కాలంలో ఆడుతున్నారనుకోండి. ఎండాకాలం దాళ్వా (రెండో పంట) కోతలు జరుగుతున్నాయని గేమ్ మాస్టర్ అంటారు. "ఆనకట్టే లేని లోకంలో దాళ్వా ఎక్కడిది?" అని ఒకరు ఆపేస్తారు. ఆపడం సబబే. గోదావరి మీద ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. దాని వెనక నిలిచిన నీళ్లే కాలవలకెక్కి పొలాలకి పారాయి. అంతకుముందు ఈ నేల వరదలకీ కరువులకీ మధ్య నలిగింది. అలాంటప్పుడు ఆనకట్ట లేని లోకంలో ఎండాకాలం పచ్చటి చేలు కనబడితే తెలిసినవాళ్లకి గుచ్చుకుంటుంది.

తెలిసినవాళ్ల మాట విలువైనది, తీర్పు మాత్రం వాళ్లొక్కరిదే కాదు. వాళ్ల చేత ఒక పని చేయించండి. ఆ సంగతి నుంచి మూడు మెట్లు కిందకి దిగి చెప్పమనండి. ఆనకట్ట లేదు, కాబట్టి ఎండాకాలం కాలవల్లో నీళ్లుండవు. నీళ్లుండవు కాబట్టి రెండో పంట లేదు. రెండో పంట లేదు కాబట్టి ఏడాదంతా ఒక్క సార్వా (మొదటి పంట) గింజలతోనే గడవాలి, ఆ గాదెల తాళాలు ఎవరి దగ్గరుంటే ఊరు వాళ్ల మాట వింటుంది. అంతే, అక్కడ ఆగండి. చూశారా, తప్పు పట్టడంతో మొదలైన మాట గాదెల తాళాల దగ్గరికొచ్చి ఒక విలన్‌ని ఇచ్చింది. మూడు మెట్లు దాటితే అది పాఠం చెప్పడమవుతుంది, మిగిలినవాళ్లు ఫోన్లు తీస్తారు. మూడు మెట్లలో ఆటకి పనికొచ్చేది ఏదీ దొరక్కపోతే ఆ అభ్యంతరాన్ని పక్కన రాసిపెట్టుకుని ఆట సాగించండి.

అచ్చయిన లోకాల్లో ఆడేవాళ్లకి ఇదే తగువు "పుస్తకంలో ఇలా ఉంది" అనే రూపంలో వస్తుంది. 2008లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి చెందిన ఫర్గాటెన్ రియల్మ్స్ అనే ప్రసిద్ధ లోకాన్ని దాన్ని అచ్చువేసే కంపెనీయే సుమారు వందేళ్లు ముందుకి జరిపేసింది. ఏళ్ల తరబడి అందులో ఆడుతున్నవాళ్లలో చాలామందికి అది రుచించలేదు. తమ టేబుల్ దగ్గర ఖాయమైన ఊళ్లు, మనుషులు కొత్త పుస్తకంలో లేకపోతే ఎవరికైనా బాధే. గ్లోరాంథా లోకాన్ని సృష్టించిన గ్రెగ్ స్టాఫర్డ్ దారి వేరు. ఎవరి గ్లోరాంథా వాళ్ల టేబుల్ దగ్గర వేరుగా ఉంటుందన్న మాట ఆ ఆట ఆడేవాళ్లలో సూత్రంగా స్థిరపడింది. నేను అటువైపే. అచ్చయిన లోకంలో ఆడుతుంటే ఏ పుస్తకం దాకా మీకు చెల్లుతుందో మొదటి రోజే చెప్పుకోండి, ఆ తర్వాత వచ్చినవన్నీ ప్రతిపాదనలే.

ఇక మూడోది. దీని దగ్గర ఎక్కువసేపు ఆగాలి. మన ఊళ్ల నమూనాలో లోకం కడితే కులం ప్రశ్న వచ్చి తీరుతుంది. "రేవులో మెట్లు అందరికీ ఒకటేనా, వేరువేరా?" అని గేమ్ మాస్టర్ అడిగారనుకోండి. ఒకరంటారు, అది లేకుండా ఊరు రాస్తే అబద్ధం రాసినట్టే, ఉన్నదాన్ని దాచకూడదు అని. ఇంకొకరంటారు, వారమంతా బయట చూసేది అదే, ఇక్కడ ఈ మూడు గంటలైనా అది లేని చోట ఉంటాను అని. ఇద్దరూ మనస్ఫూర్తిగానే మాట్లాడుతున్నారు. పాచికలు వేసో, చేతులెత్తించో తేల్చే విషయం కాదిది.

నా తీర్పు ఇదీ: వద్దన్నవాళ్ల మాటే చెల్లాలి, కారణం అడగకూడదు. వాస్తవికత కాస్త తగ్గినా లోకాన్ని మళ్లీ కట్టుకోవచ్చు. మనసు కష్టపెట్టుకుని లేచి వెళ్లిపోయిన మనిషి మళ్లీ రాకపోవచ్చు. ఇందుకోసం ఈ హాబీలో ఎప్పటినుంచో రెండు జాబితాల పద్ధతి ఉంది. మన లోకంలో అసలే ఉండనివి ఒక జాబితా. లోకంలో ఉంటాయి కానీ సన్నివేశంగా చూపించం, ఒక్క వాక్యంతో దాటేస్తాం అనేవి ఇంకో జాబితా. ఆట మొదలుకాకముందే ఎవరైనా ఏదైనా అందులో రాయొచ్చు, మధ్యలో కలపొచ్చు. చీటీల మీద పేరు లేకుండా రాయించండి, మన దగ్గర మొహమాటాలు ఎక్కువ.

కులం తీసేస్తే అన్యాయం, అధికారం గురించి ఆడలేమా? బ్రహ్మాండంగా ఆడొచ్చు. కాలవ పారే ఊరిలో నీటి వంతుని మించిన అధికారం ఏముంది? ఎగువ రైతు తూము మూయడు, శివారు పొలానికి తడి అందదు, రాత్రి ఎవరో వచ్చి తూము పలక ఎత్తేస్తారు. ఇందులో బలవంతుడు, బలహీనుడు, మధ్యలో లంచం తినే లస్కరు (కాలవ నీళ్లు చూసే ఉద్యోగి), అందరూ ఉన్నారు. ఆనకట్ట ఉన్న కాలాన్ని ఎంచుకుంటే చాలు. అందరూ ఒప్పుకుని కులాన్ని కూడా ఉంచుకున్న టేబుళ్లకి ఒక్క నియమం చెప్తాను. అవమానపడే పాత్రని ఎవరికీ అంటగట్టకండి, తనంతట తాను ఎంచుకున్నవాళ్లే ఆడాలి.

పేర్ల గొడవని త్వరగా దాటేద్దాం. పాశ్చాత్య కథల్లోని ఎల్ఫులూ గోబ్లిన్లూ కావాలా, గ్రామదేవతలూ దెయ్యాలూ కావాలా అని గంటలు గంటలు వాదించుకోవడం నాకు దండగనిపిస్తుంది. 2011లో వచ్చిన మైక్రోస్కోప్ అనే ఆటలో దీనికి చక్కటి పద్ధతి ఉంది. కాగితం మీద గీత గీసి ఒకవైపు ఉండాల్సినవి, ఇంకోవైపు ఉండకూడనివి వంతులవారీగా రాస్తారు. ఎవరైనా ఒప్పుకోకపోతే మాట్లాడుకుని, అందరికీ సమ్మతమయ్యాకే ఉంచుతారు. పావుగంట పని.

ఈ వారం అభ్యాసం. కింద రెండు తగువులిస్తున్నాను. ఒక్కోదానికి ముందు మన రెండు ప్రశ్నలకీ జవాబు రాయండి, తర్వాత మూడో మాట ఒకటి రాయండి.

మొదటిది: ఉప్పుటేరు పక్కన చెరకు తోట ఉందని గేమ్ మాస్టర్ రెండు సెషన్ల కిందట అన్నారు. దొంగ పాత్ర ఆ తోటలో నగలు పాతిపెట్టింది. ఇవాళ ఒకరు "ఉప్పునీరు ఎక్కే చోట చెరకు బతకదు" అంటున్నారు.

రెండోది: మొగ దగ్గరి లైట్‌హౌస్ కాపలాదారు గుడ్డివాడని గేమ్ మాస్టర్ నోట్‌బుక్‌లో ఉంది, పైకి ఎప్పుడూ చెప్పలేదు. ఒక ఆటగాడు "దీపం దగ్గరున్నాయన నా పడవని చూసి గుర్తుపట్టి చెయ్యి ఊపాడు" అనేశాడు, ఎవరూ కాదనలేదు.

మొదటిదానికి నా జవాబు: తోట ఖాయం, నగలు పోకూడదు. కాబట్టి మూడో మాటగా, ఆ తోటని బతికించడానికి ఎవరో రహస్యంగా అడ్డుకట్ట వేసి ఉప్పునీటిని ఆపుతున్నారు, ఆ కట్ట తవ్వకాల్లోనే నగలు బయటపడే ప్రమాదం ఉంది. రెండోది మీ టేబుల్ వాళ్లతో కలిసి చేయండి, గేమ్ మాస్టర్ జవాబు ఆఖరున వినండి. ఆరో భాగంలో దాంతోనే మొదలుపెట్టి, తుఫాను రాత్రి ఒక్కదాన్ని సెషన్‌గా ఎలా నడపాలో చూద్దాం. ఆ భాగానికి వరద మెట్ల కాగితమూ, రెండు జాబితాలూ దగ్గర పెట్టుకుని రండి.