ఆందోళనతో ముద్ద దిగనప్పుడు

చెనక్కాయ విత్తినాక వాన మొహం చాటేసినా, ఇంటర్ ఫలితాలు దగ్గరపడినా, బ్యాంకు నోటీసు ఇంటికొచ్చినా మొదటి దెబ్బ అన్నం మీదే. కంచం ముందు కూర్చుంటే కడుపులో తిప్పుతుంది, నోరు ఎండిపోతుంది, నమిలిన ముద్ద గొంతు దిగదు. ఇది మొండితనం కాదు. భయం పట్టినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. రక్తం పేగుల నుంచి కాళ్లూ చేతుల కండరాలకు మళ్లుతుంది, లాలాజలం తగ్గుతుంది, జీర్ణాశయం ఖాళీ కావడం నెమ్మదిస్తుంది. పొద్దున తిన్న రెండు ఇడ్లీలు మధ్యాహ్నానికీ కడుపులోనే ఉన్నట్టు అనిపించేది అందుకే.

కాబట్టి 'ఆకలైతే తింటాలే' అని కూర్చుంటే కుదరదు, గడియారం చూసి తినాలి. కడుపు మరీ ఖాళీగా ఉంటే ఆమ్లం వల్ల వికారం పెరుగుతుంది. రక్తంలో చక్కెర తగ్గితే చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది. ఆ దడను మనసు ఇంకో ఆపదగా లెక్కేసుకుని ఇంకాస్త బెదురుతుంది. రెండున్నర, మూడు గంటలకోసారి అరకప్పు తిన్నా ఈ చుట్టు తెగుతుంది. ఏడు, పది, ఒంటిగంట, నాలుగు, ఏడు, తొమ్మిదిన్నర అని ఫోన్లో అలారం పెట్టుకోండి. ఒక పూట తప్పితే తర్వాతి పూట రెట్టింపు తినబోకండి, వాంతి అవుతుంది.

చాలామందికి పొద్దున లేవగానే ఆందోళన ఎక్కువ, పొద్దుగూకే వేళకు కాస్త తెరిపి. అందుకని పొద్దున తాగేవాటితో సరిపెట్టి, అసలు భోజనం సాయంత్రానికి మార్చుకోవచ్చు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో ఇది మరీ నయం, ఎండ కూడా ఆకలిని చంపుతుంది కదా.

పొద్దుటికి అంబలిని మించింది లేదు. రెండు పెద్ద చెంచాల రాగిపిండి, అంటే సుమారు 20 గ్రాములు, పావుగ్లాసు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. గ్లాసున్నర నీళ్లు మరిగాక అందులో పోస్తూ తిప్పండి. పొడిపిండిని నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, లోపల పచ్చిగానే ఉండిపోతుంది, అది కడుపులో బరువు. సన్నమంట మీద ఏడెనిమిది నిమిషాలు, పచ్చివాసన పోయి రంగు ముదిరేదాకా ఉడకాలి. పూర్తిగా చల్లారాక అరగ్లాసు మజ్జిగ, ఉప్పు. వేడిమీద మజ్జిగ పోస్తే విరుగుతుంది. ఎర్రగడ్డ ముక్కల వాసన పడకపోతే మానేయండి. ఇంట్లోవాళ్లు పొరబడేది ఒకటుంది: ఉత్త అంబలిలో వంద కేలరీలు కూడా దాటవు, దాంతో రోజు గడిపితే మనిషి చిక్కిపోతాడు. వేయించిన చెనక్కాయ గింజల పొడి రెండు పెద్ద చెంచాలు కలిపితే కేలరీలు రెట్టింపవుతాయి, మాంసకృత్తులూ అందుతాయి. గ్లాసు ఒక్క గుక్కలో తాగక్కర్లేదు, ఇరవై నిమిషాలు పట్టినా పరవాలేదు.

సంగటికి ఒక సౌకర్యం ఉంది, నమలాల్సిన పనిలేదు. నోరు ఎండినవాళ్లకు జొన్నరొట్టె గొంతులో ఇరుక్కుంటుంది, సంగటి జారుతుంది. అయితే కంచంలో పెద్ద ముద్ద పెడితే చూసేసరికే కడుపు నిండిపోతుంది. నిమ్మకాయంత ముద్దలు రెండు చేసి, మధ్యలో గుంట నొక్కి చెంచా నెయ్యి పోసి, పలచటి పప్పుతో ఇవ్వండి. తాలింపు వాసనకే వికారం వచ్చేవాళ్లు చల్లారాక తినాలి, చల్లారిన వంటకు వాసన తక్కువ. పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, అరటిపండు కూడా ఈ కోవలోవే. రొట్టె తప్ప దిగదనేవాళ్లు దాన్ని పాలలో నానేసుకోండి. ఉగ్గాని (నానబెట్టిన బొరుగుల వంట) మెత్తగా ఉంటుంది కాబట్టి బాగానే దిగుతుంది, పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం వద్దు.

తినడానికి ముందు ఐదు నిమిషాలు: ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదలడమే ఎక్కువసేపు ఉండాలి. తర్వాత రెండు గుక్కల నీళ్లు. చెంబుడు తాగితే కడుపు నీళ్లతోనే నిండుతుంది.

పరగడుపున టీ మీద టీ తాగడం పెద్ద తప్పు. టీలోని కెఫీన్ దడను పెంచుతుంది, కడుపులో మంట రేపుతుంది. మానలేకపోతే ఏదైనా తిన్నాకే ఒకటి తాగండి. బీడీ, గుట్కాలో ఉండే నికోటిన్ ఆకలిని అణిచేస్తుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఆకలి టానిక్కుల్లో కొన్నిటిలో మగత తెచ్చే మందు ఉంటుంది, ఆందోళన మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇక ఇంట్లోవాళ్లు 'తినునాయనా, ఇంకొక్క ముద్ద' అని వెంటపడితే భోజనమే ఒక పరీక్షయిపోతుంది. పక్కన కూర్చుని తాము తింటూ వేరే కబుర్లు చెప్పడం మేలు.

షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రగానీ వాడేవాళ్లు తిండి తగ్గిందంటే ఆ రోజే డాక్టరును అడగాలి. మందు మామూలుగా వేసుకుని తినకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. వణుకు, చెమట వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. మానసిక వైద్యుడు ఇచ్చిన కొన్ని కొత్త మాత్రలతో మొదటి వారం రెండువారాలు ఆకలి తగ్గవచ్చు, చెప్పకుండా ఆపబోకండి.

రెండు వారాలైనా ఆకలి తిరిగి రాకపోతే, 60 కిలోల మనిషి ప్రయత్నం లేకుండా 3 కిలోలు తగ్గితే, జ్వరం, నల్లటి విరేచనం, మింగడంలో నొప్పి ఉంటే దాన్ని భయం ఖాతాలో వేయకండి. టీబీ, థైరాయిడ్, కామెర్లు కూడా ఇట్లాగే మొదలుకావచ్చు. ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే వెంటనే ఆసుపత్రికి పోవాలి. బతుకు మీద విరక్తి మాటలు వినబడితే పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేసి, మనిషిని ఒంటరిగా వదలకుండా, 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చూపించుకోవచ్చు. పోయేటప్పుడు వారంలో ఏ పూట ఏం తిన్నదీ, బరువెంతున్నదీ రాసిన కాగితం, వాడుతున్న మందుల చీటీ తీసుకుపోండి. 'ఆకలి లేదు' అని ఆపేస్తే టానిక్ రాసి పంపేయవచ్చు, కాబట్టి నిద్ర, గుండెదడ, భయం సంగతులు మీరే ముందు చెప్పండి.