తరగతి గదిలో అల్లరిని అదుపు చేయడం

వరంగల్ చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల్లో మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్‌లోనే అల్లరి ఎక్కువ కనుక, ఆ గంటను ఉపన్యాసంతో కాక, ప్రతి విద్యార్థి చేతికీ పని దొరికే లెక్కతోనో పటం గీయడంతోనో మొదలుపెట్టాలి. గది సద్దుమణగక ముందే పాఠం అందుకోవద్దు. మనం గొంతు పెంచితే వారూ పెంచుతారు. వెనుక బెంచీలో గుసగుసలాడే పిల్లవాణ్ణి అందరి ముందు నిలబెట్టకుండా, పాఠం ఆపకుండానే దగ్గరికి నడిచి, అతని నోటుబుక్కుపై వేలు ఆనించి "ఇక్కడిదాకా వచ్చినవా?" అని మెల్లగా అడిగితే చాలావరకు సరిపోతుంది.

బెత్తం మాట మరచిపోవాలి. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపులను కూడా నిషేధించింది, గోడకుర్చీ వేయించడమూ శిక్షే. బతుకమ్మ, దసరా సెలవుల తర్వాత మొదటి రోజున నియమాలను పిల్లలచేతనే చెప్పించి బోర్డుపై రాయించాలి. ఐదుకు మించితే వారికే కాదు, నాకూ గుర్తుండవు.