మీ క్రిప్టో తాళం ఎవరి దగ్గర ఉంది?

రిటర్నుల సీజన్లో క్రిప్టో కొన్న కుర్రాళ్లు నా ఆఫీసుకి వస్తుంటారు. షెడ్యూల్ వీడీఏ (పన్ను రిటర్నులో క్రిప్టో లెక్క చూపే భాగం) నింపే ముందు నేనొకటి అడుగుతాను: "యాప్ పెట్టుకున్నప్పుడు 12 గానీ 24 గానీ ఇంగ్లిష్ పదాలు రాసుకోమందా?" లేదు, పాన్ అడిగి ఓటీపీ పంపిందంటారు. ఆ పదాలే మీ క్రిప్టోకి తాళం. అవి మీ దగ్గర లేవంటే తాళం ఎక్స్‌ఛేంజ్‌దే, అంటే మీరు క్రిప్టో కొన్న ఆ యాప్ కంపెనీదే. మీకు కనిపించేది వాళ్ల పద్దులో మీ పేరున ఉన్న అంకె. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్‌ఛేంజ్‌లో సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో చోరీ అయ్యాక, జనం తమ కాయిన్ల కోసం ఏడాదికి పైగా ఎదురుచూశారు.

ఐదు, పది వేలైతే అక్కడే ఉంచండి, మార్చే ఫీజు దండగ. పోతే నిద్ర పట్టనంత మొత్తమైతే సొంత వాలెట్‌కి, అంటే తాళం మీ చేతిలోనే ఉండే చోటికి మార్చండి. కొన్ని ఎక్స్‌ఛేంజ్‌లు బయటికి పంపనివ్వవు, ముందే కనుక్కోండి.

అందుకు ట్రెజర్, లెడ్జర్ లాంటి, తాళం దాచే చిన్న పరికరాన్ని కంపెనీ సైట్‌లోనే కొనండి. డబ్బాలో పదాలు ముందే రాసిన కార్డు వచ్చిందా, అది మోసం. పదాలు మీ కళ్లముందు పరికరం తెరమీదే పుట్టాలి. పెన్నుతో, వరస తప్పకుండా రాయండి. ఫోటో వద్దు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం అసలే వద్దు. ఈ పదాలు 2048 పదాల జాబితాలోవి. మొదటి నాలుగు అక్షరాలు ఏ రెండింటికీ కలవవు కాబట్టి సిరా చెదిరి తోక పోయినా పదం దొరుకుతుంది.

ముందు కొద్దిగా పంపండి. నెట్‌వర్క్ (కాయిన్ ఏ బ్లాక్‌చెయిన్ మీద వెళ్తుందో) సరిచూసుకోండి: ట్రాన్ అడ్రస్ 'టి'తో, ఎథీరియం అడ్రస్ సున్నా, ఎక్స్‌తో మొదలవుతాయి. అది చేరాక అసలు పరీక్ష. పరికరాన్ని పూర్తిగా చెరిపేసి, కాగితం చూసి పదాలు మళ్లీ కొట్టండి. అదే అడ్రస్, అదే బ్యాలెన్స్ వస్తేనే మిగతాది పంపండి. ఈ మాట చెబితే అందరికీ టెన్షనే, అయినా పెద్ద మొత్తం పెట్టాక తెలుసుకునే కంటే నయం కదా.

సొంత వాలెట్‌కి మార్చుకోవడం అమ్మకం కాదు. తేదీ, ట్రాన్సాక్షన్ ఐడీ మాత్రం దాచండి, నాలాంటి వాళ్లు అడుగుతారు. పదాలడిగే కస్టమర్ కేర్ ఎవడైనా దొంగే.

కెనడాలో క్వాడ్రిగా ఎక్స్‌ఛేంజ్ అధిపతి జెరాల్డ్ కాటెన్ 2018 డిసెంబర్లో జైపూర్‌లో చనిపోతే, తాళాలు ఆయనకే తెలుసని కంపెనీ చేతులెత్తేసింది. తర్వాతి విచారణలో చాలా సొమ్ము ఆయన ముందే తగలేశాడని బయటపడింది, అది వేరే కథ. మీ ఇంట్లో ఒక్కరికైనా కాగితం ఎక్కడుందో, ఏ వాలెట్‌దో చెప్పండి. పరికరం పిన్ నంబర్‌ను మాత్రం ఆ కాగితంతో పాటు పెట్టకండి.