అమెరికా ఫీల్డ్ ఆర్టిలరీ బెటాలియన్ వంశక్రమం రాయడం ఎలా?

ఫీల్డ్ ఆర్టిలరీ అంటే యుద్ధరంగంలో పనిచేసే ఫిరంగి దళం. అందులో పెద్దది రెజిమెంట్, దాని కింద బెటాలియన్, ఆ కింద బ్యాటరీ (కంపెనీ స్థాయి ఫిరంగి దళం). ఒక బెటాలియన్ ఏ పాత దళం నుంచి వచ్చిందో చెప్పేదే దాని వంశక్రమం. కావలసినవి తక్కువే: ఒక నోటు పుస్తకం, పెన్సిలు, ఆ బెటాలియన్‌కి సైన్యపు మిలిటరీ హిస్టరీ సెంటర్ ఇచ్చిన ‘లీనియేజ్ అండ్ ఆనర్స్’ (వంశక్రమం, యుద్ధ గౌరవాలు) సర్టిఫికెట్ ప్రతి. పేజీ మీద మూడు గడులు గీయండి: తేదీ, అప్పటి పేరు, జరిగిన మార్పు. పెన్ను వాడకండి, దిద్దుబాట్లు తప్పవు.

ముందు కొన్ని మాటలు తేల్చుకోండి. కాన్‌స్టిట్యూట్ చేశారంటే దళం జాబితాకెక్కింది, అంతే. యాక్టివేట్ చేసినప్పుడే మనుషులు చేరతారు. ఇనాక్టివేట్ చేస్తే మనుషులు పోయినా పేరు జాబితాలో ఉంటుంది. డిస్‌బ్యాండ్ చేస్తే పేరు కూడా పోతుంది, మళ్లీ రీకాన్‌స్టిట్యూట్ చేసేదాకా తిరిగి రాదు. కన్సాలిడేట్ అని కనిపిస్తే రెండు దళాల చరిత్రలు ఒకటయ్యాయని అర్థం. అక్కడ గడిని రెండు పాయలుగా చీల్చండి.

ఇప్పటి పేరుతో మొదలుపెట్టి వెనక్కే వెళ్లాలి. పాతకాలం నుంచి ముందుకొచ్చేవాళ్లు నంబరు చూసి మోసపోతారు. 1861లో ఏర్పడ్డ 5వ ఆర్టిలరీకి, 1907లో ఏర్పడ్డ 5వ ఫీల్డ్ ఆర్టిలరీకి చుట్టరికం లేదు. 1901లో పాత రెజిమెంట్లను రద్దు చేసి, ఫీల్డ్ బ్యాటరీలకూ తీర రక్షణ కంపెనీలకూ విడివిడిగా నంబర్లిచ్చారు. 1907లో ఫీల్డ్ ఆర్టిలరీకి 6 కొత్త రెజిమెంట్లు కట్టారు. పాత రెజిమెంట్ల వారసత్వం తీర రక్షణ వైపు వెళ్లి, 1861 నాటి 5వది నేడు ఎయిర్ డిఫెన్స్ ఆర్టిలరీలో (గగనతల రక్షణ దళంలో) ఉంది. మరోపక్క, తర్వాత అమెరికా తొలి ఆర్థిక మంత్రి అయిన అలెగ్జాండర్ హామిల్టన్ 1776లో నడిపిన న్యూయార్క్ ఫిరంగి కంపెనీ 1821లో 4వ ఆర్టిలరీలో చేరింది. దాని వారసత్వం ఇప్పుడు 5వ ఫీల్డ్ ఆర్టిలరీ 1వ బెటాలియన్‌ది. 82వ ఫీల్డ్ ఆర్టిలరీ మూలమైతే ఆర్టిలరీలోనే లేదు: 1917లో 24వ అశ్విక దళాన్ని మార్చి దాన్ని చేశారు.

ఇక అసలు చిక్కు 1957 దగ్గర. ఇక్కడ తొందరపడితే పైన రాసిందంతా వృథా.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రెజిమెంట్లను విడగొట్టి, విడి నంబర్లతో బెటాలియన్లు చేశారు. అణుయుగానికి తగ్గట్టు డివిజన్లను మార్చినప్పుడు రెజిమెంట్ల పేర్లు మాయమయ్యే ప్రమాదం వచ్చింది. దాన్ని తప్పించడానికి 1957లో కంబాట్ ఆర్మ్స్ రెజిమెంటల్ సిస్టమ్ తెచ్చారు. ఇందులో కొత్త బెటాలియన్‌కి పాత బెటాలియన్ వారసత్వం దక్కలేదు. పాత రెజిమెంట్‌లోని ఒక్క బ్యాటరీది దక్కింది. సాధారణంగా ‘ఏ’ (A) బ్యాటరీ నుంచి 1వ బెటాలియన్, ‘బీ’ (B) నుంచి 2వ బెటాలియన్. ఆ వరస తప్పిన సందర్భాలు ఉన్నాయి కనుక అక్షరాన్ని ఊహించకండి, సర్టిఫికెట్లో చూడండి.

ఆ పాత బ్యాటరీ కొత్త బెటాలియన్ హెడ్‌క్వార్టర్స్ బ్యాటరీగా మారుతుంది. ఆ వాక్యం పక్కనే ‘ఆర్గానిక్ ఎలిమెంట్స్ కాన్‌స్టిట్యూటెడ్’ అని ఉంటే మిగతా బ్యాటరీలు ఆ రోజే కొత్తగా పుట్టాయన్నమాట. కాబట్టి నేటి 1వ బెటాలియన్ బీ బ్యాటరీని మొదటి ప్రపంచ యుద్ధం నాటి బీ బ్యాటరీకి కలపకూడదు. ఎక్కువమంది చేసే తప్పు ఇదే, స్మారక ఫలకాల మీదికి కూడా ఎక్కుతుంది. అందుకే 1957 దగ్గర పేజీలో ఒక గీతను అడ్డంగా, లావుగా గీయండి. దాని కింద బెటాలియన్ పేర్లు వద్దు, ఆ మూల బ్యాటరీ ఒక్కదాన్నే పట్టుకుని వెళ్లండి.

1968లో ఎయిర్ డిఫెన్స్ వేరు శాఖైంది, 1971లో ఫీల్డ్, ఎయిర్ డిఫెన్స్ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఆర్టిలరీ రెజిమెంట్లను కూడా చీల్చారు. ఆ రెండూ రాసేస్తే చాలు. నేషనల్ గార్డ్ (రాష్ట్రాల రిజర్వ్ సైన్యం) దళమైతే నంబరు కన్నా ఊరు ముఖ్యం: మసాచుసెట్స్‌లోని 101వ ఫీల్డ్ ఆర్టిలరీ మూలం 1636 నాటి స్థానిక మిలిషియాలో (పౌరుల సైన్యంలో) ఉంది.

యుద్ధ గౌరవాలు చివర్లో రాయండి. బెటాలియన్ జెండాకు రెజిమెంట్ మొత్తం గెలుచుకున్న స్ట్రీమర్లు (యుద్ధాల పేర్లున్న రిబ్బన్లు) కడతారు, తన మూల బ్యాటరీ స్వయంగా పాల్గొన్న వాటికే ప్రత్యేక గుర్తు ఉంటుంది. ఈ రెంటినీ ఒకే జాబితాలో కలపకండి.